ఎవరిచ్చినా తాగొద్దు

మోహన పలమనేరులో ఆ ఇంటికి కోడలై వచ్చిన మరునాడు పొద్దున్నే లేచి, తలకు పోసుకొని, కాఫీ కలిపి మామ వరదయ్య చేతికిచ్చింది. గ్లాసు ఆయన నోటిదాకా పోనేలేదు. పక్కనుంచి అత్త వసంతమ్మ చెయ్యి చాచి అందుకుంది. ఒక గుక్క తాగి, నాలుక మీద ఆడించి, మింగి, గోడకేసి చూస్తూ కాసేపు నిలబడింది. తనకేమీ కాలేదని నమ్మకం కుదిరాక గ్లాసును మొగుడి చేతికిచ్చింది. ఆయన మారుమాట లేకుండా తాగేశాడు.

మోహనకు ఒళ్ళు మండింది. మొగుడి ఎంగిలి పెళ్ళాం తినడం ఆమె చూసిందే. పెళ్ళాం ఎంగిలి చేసింది మొగుడు తాగడం ఎక్కడా చూడలేదు. అది పోనీ, నిన్న కాక మొన్న తాళి కట్టించుకొని వచ్చిన పిల్ల కాఫీలో ఏం కలుపుతుందని? మూడు నిద్రలకు వడమాలపేటలోని పుట్టింటికి పోయినప్పుడు తల్లితో చెప్పుకొని ఏడ్చింది. తల్లి కొట్టిపారేసింది.

“కొత్తలో అత్తలంతా అట్లనే ఉంటారు మే. నాలుగు దినాలు పోతే ఆ యమ్మే సర్దుకుంటాది.”

నాలుగు దినాలు కాదు గదా, నాలుగేళ్ళు పోయినా వసంతమ్మ సర్దుకోలేదు. పోనుపోను మోహన కనిపెట్టిందేమంటే, అత్త అనుమానం తన ఒక్కదాని మీదే కాదు. లోకం మొత్తం మీద. అంగట్లో పసుపు పొడి కొనేది కాదు, కొమ్ములు తెచ్చి తానే దంచుకునేది. ఇంటి ఆవును తానే పిండుకునేది. పెళ్ళిళ్ళకు పోతే ముందు వంటవాళ్ళున్న చోటికి పోయి గుండిగల్లోకి తొంగిచూసి వచ్చి, అప్పుడు పంక్తిలో కూర్చునేది. కాణిపాకం పోయొచ్చిన వాళ్ళెవరైనా ప్రసాదం తెచ్చిస్తే కళ్ళకద్దుకొని, ముందు తాను కొంచెం నోట్లో వేసుకొని, తర్వాతే ఇంట్లోవాళ్ళకు పంచేది. “దేవుని మీద నాకేం అనుమానం లేదు. పొట్లం కట్టినోళ్ళు ఎవురో ఏమో” అనేది.

వరదయ్య పాల వ్యాను డ్రైవరు. తెల్లారకముందే బయల్దేరి, చుట్టుపక్కల పల్లెల్లో పాల క్యాన్లు ఎక్కించుకొని చిత్తూరుకు తోలేవాడు. ఆయన లేచేసరికి సంగటి కెలికి, అనపగింజల పులుసో ఊరుబిండి పచ్చడో చేసి, మజ్జిగతో సహా క్యారియరు కట్టి సిద్ధంగా పెట్టేది వసంతమ్మ. ఉడుకు జ్వరంలో ఉన్నా ఆ పని తప్పలేదు. వాకిట్లో క్యారియరు చేతికిస్తూ ప్రతి పొద్దూ ఒకే మాట చెప్పేది:

“ఎవురిచ్చినా తాగొద్దు.”

పల్లెల్లో పాలు పోసే ఆడవాళ్ళు మజ్జిగ తెచ్చిస్తే వరదయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాడట. “వద్దమ్మా, మా ఇంటామె వాసన పట్టేస్తాది” అని నవ్వేవాడట. వ్యాను రావడం ఆలస్యమైతే వసంతమ్మ బెంగుళూరు రోడ్డు దాకా పోయి నిలబడేది. కొడుకు ఢిల్లీబాబు బళ్ళో చదివే రోజుల్లో మధ్యాహ్నం అన్నం గంటకు బడి గోడ దగ్గర గిన్నెతో కాచుకొని ఉండేదట. ఉన్నది ఒక్క కొడుకే. వాడు ఇంకొకరి టిఫిను డబ్బాలో చెయ్యి పెడితే వీపు విమానం మోత మోగించేది. పెద్దయ్యాక పంపుసెట్లు బాగుచేసే షాపు పెట్టుకున్నా ఢిల్లీబాబు బయట టీ తాగాలంటే అటూ ఇటూ చూసి తాగేవాడు.

ఇదంతా ప్రేమేనని ఊళ్ళోవాళ్ళు అనేవాళ్ళు. మొగుణ్ణి, కొడుకును కంటికి రెప్పలా చూసుకుంటుందని మెచ్చుకునేవాళ్ళు. మోహనకు మాత్రం ఆ రెప్ప వెనక ఉన్న కన్ను కనిపించేది. తాను ఉప్పు వేసేటప్పుడు, పోపు పెట్టేటప్పుడు, నీళ్ళ బిందె దించేటప్పుడు వెనక నుంచి ఆ కన్ను. అత్త తనను కాచుకుంటే తాను అత్తను కాచుకోవడం మొదలుపెట్టింది. ఈమె ఇంత అనుమానపడుతోందంటే ఈమె మనసులోనే ఏదో ఉండాలి, దొంగకే గదా లోకమంతా దొంగలు, అనుకునేది.

కూతురు లోకేశ్వరికి రెండేళ్ళప్పుడు జరిగింది ఆ అనుమానాన్ని పగగా మార్చింది. పిల్లకు జ్వరం వచ్చింది. డాక్టరు సిరప్పు రాసిచ్చాడు. మోహన సీసా మూత తీసేసరికి వసంతమ్మ మనవరాలిని ఎత్తుకొని ఇంటి వెనక ఆవుల పాకలోకి పోయి కూర్చుంది.

“దాంట్లో ఏముండాదో నీకు తెలుసునా? తెల్వనిది బిడ్డ నోట్లో ఎట్ల పోస్తావు మే?”

“డాక్టరు రాసినాడత్తా!”

“డాక్టరుకు బిడ్డ కాదు గదా ఇది.”

ఎంత బతిమాలినా ఇవ్వలేదు. తడిగుడ్డ వేస్తూ, దిష్టి తీస్తూ, పిల్లను గుండెకు కరుచుకొని కూర్చుంది. సాయంత్రానికి జ్వరం తలకెక్కి పిల్లకు ఫిట్సు వచ్చాయి. ఢిల్లీబాబు పరుగున వచ్చి చిత్తూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. పిల్ల దక్కింది. ఆస్పత్రి వరండాలో వసంతమ్మ స్తంభానికి ఆనుకొని కూర్చుంది. తప్పయిందని ఒక్క మాట అంటుందేమోనని మోహన చూసింది. అనలేదు. ఆ రోజు నుంచి పిల్లకు మందేదైనా ఇవ్వాలంటే మోహన తలుపు గడియ పెట్టి ఇచ్చేది. సీసాలు బియ్యం డబ్బాలో దాచేది. ఒకే ఇంట్లో ఒకరికొకరు దొంగలై బతికారు ఆ ఇద్దరూ.

అట్లని మనవరాలి మీద ఆమెకు ప్రేమ తక్కువని ఎవరూ అనలేరు. లోకేశ్వరి నర్సింగు చదవడానికి తిరుపతిలో హాస్టల్లో చేరితే, ఆదివారం వచ్చిందంటే వసంతమ్మ బస్సెక్కేది. ఒడిలో క్యారియరు, చేతిలో మంచినీళ్ళ సీసా. అడగకుండానే హాస్టలు వంటగదిలోకి దూరి, సాంబారు గిన్నె మూత తీసి వాసన చూసి, “ఇది ఎప్పుటిది నాయనా?” అని వంటాయనను అడిగితే, ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయేది. “అవ్వా, గమ్మునుండవా!” అని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చేది. తీరా క్యారియరు తెరిస్తే గదిలోని ఆడపిల్లలంతా చుట్టూ చేరేవాళ్ళు. అందరికీ పెట్టేది వసంతమ్మ. వాళ్ళు ఏదైనా ఇస్తే మాత్రం చేతిలోకి తీసుకొని, కొంగున కట్టుకొని, బస్టాండులో కుక్కకు వేసేది.

ఇట్లా ఉండగా వరదయ్యకు మతిమరుపు పట్టుకుంది. అప్పటికి ఆయన వ్యాను మానేసి చాలా కాలమైంది. మొదట వస్తువులు పెట్టిన చోటు మరిచాడు, తర్వాత వీధి మరిచాడు. ఒక మధ్యాహ్నం వసంతమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి, ఎప్పటిలాగే ముందు తాను ఒక ముద్ద తిని, ఆయన ముందుకు జరిపింది. వరదయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఎవురు నువ్వు?”

“బాగుండాది నీ వరస. నేనెవురా?”

“దీంట్లో ఏమి కలిపినావు?”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. ఇంకో ముద్ద తిని చూపించింది. “సూడు, నేను తిన్లా?”

“అది నీ పక్కది తిన్నావు. నా పక్క ఏమేసినావో నాకు తెల్దా?” అంటూ పళ్ళేన్ని తోసేశాడు. అన్నం గచ్చు మీద చిందింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మోహనకు ఆ క్షణాన లోపలెక్కడో తృప్తిగా అనిపించింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. గచ్చు తుడిచి, వేరే పళ్ళెంలో అన్నం పెట్టుకొని తాను పోయి కూర్చుంటే వరదయ్య తిన్నాడు. రాత్రి కూడా అంతే. మరునాడూ అంతే. వసంతమ్మ ఎదురుపడితే చాలు, గోడకు ఒదిగిపోయి వణికేవాడు. చిత్తూరు డాక్టరు, వయసుతో మెదడుకు వచ్చే జబ్బని, దగ్గరివాళ్ళ మీదే ఎక్కువ అనుమానం వస్తుందని చెప్పాడు. వసంతమ్మ ఆ మాట నమ్మలేదు. ఆమెకు తోచిన కారణం వేరే ఉంది. ఇంటి వెనక బట్టలు ఉతుకుతున్న మోహన ఎదుటికి వచ్చి నిలబడింది.

“ఆయప్ప సెవిలో ఏమి పోసినావు?”

“ఏమత్తా?”

“యాబై ఏండ్లు నా సేతి కూడు తిన్న మనిషి. ఇప్పుడు నన్ను సూస్తే బెదురుతా ఉండాడు. నీ సేత్తో పెడితే తింటా ఉండాడు. నువ్వు ఏమీ సెప్పకుండానేనా? ఆ పొద్దు నేను బిడ్డను తీసుకొని కూసున్నందుకు ఈ పొద్దు కసి తీర్చుకుంటా ఉండావు.”

మోహన చేతిలోని బట్టను రాతి మీదే వదిలేసి లోపలికి పోయి సంచి సర్దుకుంది. “ఇన్నేండ్లు అన్నీ పడినా. ఇది మాత్రం పడలేను” అంది మొగుడితో. ఢిల్లీబాబు తల్లిని ఏమీ అనలేకపోయాడు, పెళ్ళాన్ని ఆపలేకపోయాడు. “నువ్వు పోతే నాయన కూడు ముట్టడు” అన్నాడంతే. మోహన వాకిలి దాకా పోయింది. లోపల్నుంచి వరదయ్య, “పాపా, ఆకలేస్తా ఉండాది” అని పిలిచాడు. సంచి వాకిట్లో పెట్టి వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ చెప్పకుండానే ఒక ఏర్పాటు కుదిరింది. వసంతమ్మ ఇంటి వెనక రేకుల కింద పొయ్యి వేసుకొని వండేది. మోహన తానే వండినట్టు తీసుకుపోయి మామకు పెట్టేది. “ముందు నువ్వు తిను” అనేవాడాయన. మోహన ఒక ముద్ద తిని, ఆయన కళ్ళలోకి చూస్తూ కూర్చునేది. కాసేపు చూసి ఆయన నోరు తెరిచేవాడు. తలుపు చాటున అత్త నిలబడి వింటోందని మోహనకు తెలుసు. గాజుల చప్పుడు వినబడేది. ఒక పొద్దు ఆయన పులుసు కలుపుకుంటూ చటుక్కున ఆగాడు.

“ఇది ఎవురు సేసినారు?”

“నేనే మామా.”

“అబద్ధాలు సెప్పొద్దు. ఇది మా వసంత సెయ్యి.” మోహన చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. “ఆమి ఈడికి వచ్చిపోయిందని ఎవురికీ సెప్పొద్దు.”

తలుపు చాటున గాజులు నిశ్శబ్దమయ్యాయి.

ఆ ఏడు వానాకాలంలో ఒకనాడు సన్నగా తుంపర పడుతోంది. ఆరేసిన బట్టలు తీసుకొని వసంతమ్మ తొందరలో ముందు గదిలోంచి నడిచింది. వరదయ్య ఆమెను చూసి లేచి నిలబడి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ గురవమ్మను లోపలికి రానీయొద్దు. పాపకు పసరు పోస్తాది. పోసిందంటే పాప మల్లా లేయదు. ఆ యమ్మే పోసింది... నాకు తెల్సు... ఎవురిచ్చినా తాగొద్దని సెప్పు పాపకు.”

మోహనకు గురవమ్మ ఎవరో తెలియదు. పాప ఎవరో తెలియదు. తిరిగి చూసేసరికి బట్టలన్నీ నేల మీద పడున్నాయి. వసంతమ్మ గడప మీద కూలబడి ఉంది.

చీకటి పడేవేళ, పొయ్యి దగ్గర కూర్చొని, కోడలు అడగకుండానే చెప్పింది ఆమె. ఢిల్లీబాబుకు ముందు ఒక ఆడబిడ్డ ఉండేదట. సుగుణ. నడక వచ్చి, మాటలు వస్తున్న వయసు. పలమనేరుకు రాకముందు పల్లెలో ఉండేవాళ్ళు. బిడ్డకు కోరింత దగ్గు పట్టుకుంది. ఎదురింటి గురవమ్మ నలుగురికీ నాటుమందులిచ్చే మనిషి, మంచి మనిషి. ఏదో ఆకుపసరు గిన్నెలో తెచ్చిచ్చింది.

“గిన్నె ఆ యమ్మది. బిడ్డ ముక్కు పట్టుకొని పోసింది నేనే మోహనా. ఈ సేత్తోనే పోసినా. ఏమని అడగలా, ఏందని సూడలా. తెల్లారి బిడ్డ లేయలా.”

ఆయుస్సు అంతేనన్నారు పెద్దవాళ్ళు. వసంతమ్మ మాత్రం గురవమ్మ వచ్చి తలుపు తడితే తీయలేదు. అప్పుడు వరదయ్యే కోప్పడ్డాడట. ఆ యమ్మ మంచికే ఇచ్చింది, అనుమానం పెట్టుకుంటే నరకానికి పోతావు, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దు అన్నాడట. నెల తిరక్కుండానే ఊరు మార్చేశాడు.

“ఆయప్ప అట్లన్నాక, సెడ్డ మనసు నాదేననుకున్నా. ఇన్నేండ్లూ అట్లే అనుకున్నా.” పొయ్యిలోని కట్టెను లోపలికి తోసింది. “ఆయప్పకూ అనుమానముండింది మోహనా! మనసులో పెట్టుకొని, నన్నొక్కదాన్నే పిచ్చిదాన్ని సేసి, నేను కాఫీ ముందు తాగి ఇస్తే నవ్వతా తాగినాడు.”

అది కోపమో, ఊరటో మోహనకు అర్థం కాలేదు. అత్త ఏడవడం చూసింది మాత్రం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, తుంపరలో తడిసిన కట్టెలు తీసి రేకుల కిందకి సర్దుతూ కూర్చుంది.

వరదయ్య ఆ మరుసటి చలికాలంలో పోయాడు. పోయేదాకా భార్యను గుర్తుపట్టలేదు. పోయిన తర్వాతే ఆమె ఆయన పక్కన కూర్చోగలిగింది.

పెద్దకర్మ నాడు వాకిట్లో ఆటో ఆగింది. ధనంజయ అనే ముప్పై ఏళ్ళ మనిషి ఒక ముసలామెను చెయ్యి పట్టి దించాడు. వంగిపోయిన నడుము, పూతపట్టిన కళ్ళు. “మా అవ్వ, గురవమ్మ. వరదయ్య తాత పోయినాడని తెలిసి, తీసకపొమ్మని ఒకటే పోరు” అన్నాడు. మోహన, బంధువుల మధ్యలో అత్త ఏమంటుందో, ఏం చేస్తుందోనని దగ్గరికి పోయి నిలబడింది.

వసంతమ్మ ముసలామెను ఎదురుగా కూర్చోబెట్టింది. పలకరింపు లేదు, కన్నీళ్ళు లేవు.

“ఆ గిన్నెలో ఏముండింది?”

అక్కడున్నవాళ్ళకెవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. గురవమ్మకు అర్థమైంది. దానికోసమే వచ్చినట్టు తల ఊపింది.

“అడ్డసరం ఆకు, తమలపాకు, వాము. రవ్వంత తేనె. ఆ పొద్దు నా బిడ్డలకూ దగ్గే. ఒకే గిన్నెలో నూరి ముందు వాళ్ళకు పోసి, మిగిలింది నీకు తెచ్చిచ్చినా. నా పిలకాయలు బతికినారు. నీ బిడ్డ బతకలేదు. ఎందుకో నాకు తెల్దమ్మా. నేను సచ్చేదాకా తెల్దు.”

“ఈ మాట అప్పుడే సెప్పొచ్చు గదా?”

“నువ్వు తలుపు తీయలేదు గదమ్మా.”

వసంతమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, ధనంజయతో, “మీ అవ్వను ఎండ ఎక్కకముందే బిన్నా తీసకపో” అంది. ఆటో పోయాక మోహన ఉండబట్టలేక అడిగింది.

“నమ్మినావా అత్తా?”

“నమ్మలా” అంది వసంతమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది. “అడిగితిని గదా. అది సాలు.”

ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు బతికిందామె. మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కరోనా టీకా వేసేటప్పుడు ముందు ఢిల్లీబాబుకు వేయించి, వారం రోజులు వాడి మొహం చూసి, అప్పుడు చెయ్యి చాచింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఫోను చేసినవాణ్ణి, “మీ నాయన పేరు సెప్పు ముందు” అని గద్దించి పెట్టేయించింది. కానీ పొయ్యి మాత్రం కోడలికి వదిలేసింది. మోహన పెట్టింది పెట్టినట్టు తినేది. వెనక నుంచి చూసే ఆ కన్ను ఎప్పుడు లేకుండా పోయిందో మోహనకు గుర్తే లేదు. ఒక రోజు పోపు పెడుతూ వెనక్కి తిరిగి చూస్తే అత్త నిద్రపోతోంది.

చివరి ఏడాది మంచం పట్టింది. బీపీకని, గుండెకని డాక్టరు మాత్రలిచ్చాడు. లోకేశ్వరి అప్పటికి తిరుపతిలో ఉద్యోగం చేస్తోంది, ఏ మాత్ర ఎప్పుడో ఫోన్లో చెప్పేది. మోహన మాత్రను అరచేతిలో పెడితే వసంతమ్మ ఏమని అడక్కుండా నోట్లో వేసుకొని నీళ్ళు తాగేది. ఒకనాటి సిరప్పు సీసా గుర్తొచ్చి మోహనకు కళ్ళు చెమర్చేవి. ఇన్నేళ్ళకు అత్త తనను నమ్మిందని చుట్టాలందరితో చెప్పుకునేది. ఒక తెల్లవారుజామున, కాఫీ పెట్టమని అడిగి, కాఫీ వచ్చేలోపలే వసంతమ్మ పోయింది.

మంచం బయట పడేయడానికి పరుపు తీస్తుంటే దిండు గలీబులో ఏదో గలగలమంది. మోహన గలీబు విప్పి దులిపింది. తెల్లవీ, ఎర్రవీ, పసుపువీ మాత్రలు గచ్చు మీద నలుమూలలా దొర్లాయి. ఎన్ని నెలలవో. నోట్లో వేసుకున్నవి వేసుకున్నట్టే బుగ్గన పెట్టుకొని, కోడలు అటు తిరగగానే తీసి దాచినట్టుంది. కొన్నిటి మీద తడి ఆరిన మరక ఇంకా ఉంది.

మోహన వాటి మధ్యన కూర్చుండిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకుండానే ఏడుపొచ్చింది. ఢిల్లీబాబు లోపలికి వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

“మాత్రలనే నమ్మలేదో, నన్నే నమ్మలేదో ఎట్ల తెలిసేది?” అంది మోహన.

“అడిగుంటే గూడా చెప్పేది కాదులే మా అమ్మ” అన్నాడు ఢిల్లీబాబు.

లోకేశ్వరి సాయంత్రానికి తిరుపతి నుంచి దిగింది. వంగి ఒక్కొక్క మాత్రా ఏరి, ఏది దేనికో చెబుతూ తల్లి దోసిట్లో వేసింది. ఇందులో సగం వేసుకున్నా అవ్వ ఇంకొన్నాళ్ళు ఉండేదేమో అంది. ఏమో, ఉండేది కాదేమో కూడా అంది. వాకిట్లో ఆడవాళ్ళు వసంతమ్మ మంచితనం గురించి, మొగుణ్ణి, కొడుకును, మనవరాలిని కాచుకున్న తీరు గురించి చెప్పుకుంటున్నారు. మోహన దోసిలి మూసుకొని, ఎవరికీ కనబడకుండా ఇంటి వెనక్కి నడిచింది.